నాయన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె మేడమ్. మా నాయనకి 73 ఏళ్లు, హత్య కేసులో యావజ్జీవం పడి సెంట్రల్ జైల్లో ఉండాడు, హైకోర్టులో అప్పీలు ఇంకా తేలలేదు. షుగర్‌తో కిడ్నీలు పోయి డయాలసిస్ చేస్తా ఉండారు, ఎస్కార్ట్ పోలీసులు లేరని ఒక్కోసారి ఆస్పత్రికి తీసకపోవడంలేదు. మొన్న ములాఖత్‌లో "ఇంట్లో కన్ను మూయాలని ఉంది పాపా" అన్నాడు. లాయరుకిచ్చే డబ్బు లేదు, ఏం చేయాల?

జవాబు: డబ్బు సంగతి మర్చిపో తల్లీ. జైల్లో ఉన్న మనిషికి ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాల్సిందే, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పో, లేదంటే 15100కి ఫోన్ చెయ్యి. అప్పీలు పెండింగ్‌లో ఉంది కాబట్టి అనారోగ్యం చూపించి శిక్ష సస్పెండ్ చేసి బెయిలివ్వమని అందులోనే పిటిషన్ వేయించు.

అసలు కష్టం డాక్టర్ కాయితం దగ్గర వస్తుంది. "కిడ్నీ ఫెయిల్యూర్, డయాలసిస్ మీద ఉన్నారు" అని ఒక్క లైన్ రాసిస్తే, జైల్లో చూసుకుంటున్నాం కదా అని అవతల వాళ్లు అంటే అయిపోయె. వారానికి ఎన్నిసార్లు చేయాలి, ఏయే తేదీల్లో తప్పింది, తప్పిన రోజు ఊపిరాడక ఇబ్బంది పడ్డాడా, కాళ్లు వాచినాయా, తనంతట తానే లేచి బాత్రూంకి పోగలడా, పక్కన మనిషి ఉండాలా, ఇవన్నీ రాయించాలి, మెడికల్ బోర్డుతో పరీక్ష చేయించమని కూడా కోర్టుని అడగండి. 2022 ఆగస్టులో వరవరరావు గారికి సుప్రీంకోర్టు అనారోగ్యం చూసే బెయిలిచ్చింది. అది ఇంకా శిక్ష పడని కేసు, మీది పడిన కేసు, అయినా వయసూ జబ్బూ కోర్టు లెక్కలోకి తీసుకుంటుందని చెప్పడానికి పనికొస్తుంది.

ఒకవేళ అప్పీలు ఓడిపోతే? హత్య కేసులో యావజ్జీవానికి 14 ఏళ్లు నిండందే మామూలుగా ముందస్తు విడుదల ఉండదు, కానీ రాజ్యాంగం 161వ అధికరణ కింద శిక్ష తగ్గించడానికి గవర్నర్‌కున్న అధికారానికి ఆ అడ్డు లేదు, అర్జీ పెట్టుకోవచ్చు.

ఇంకో మాట, ఇది నాయన్నే అడగాలి. ఇంటికొచ్చి డయాలసిస్ చేయించుకుంటానంటున్నాడా, లేక ఇంక సూదులొద్దు అంటున్నాడా? ఆపేస్తే చాలామంది ఒకటి రెండు వారాల్లోనే పోతారు, అప్పుడు ఆయాసం, దురద, నొప్పి తగ్గించే మందులిచ్చే డాక్టర్ని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. కొనసాగిస్తానంటే ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ ఆస్పత్రిలో చేయిస్తారో పిటిషన్లో రాయండి.

చిత్తూరు పోయేటప్పుడు తీర్పు కాపీ, అప్పీలు నంబరు, పాత రిపోర్టులు అన్నీ సంచిలో వేసుకొని పో.