పట్టుచీరలు, కోటు ఎకో లాండ్రీకి ఇవ్వాలా, పాత డ్రై క్లీనింగ్ షాపుకేనా?

మీ ప్రశ్న చదివాను. కూకట్‌పల్లిలో మీ వీధిలోకి కొత్తగా వచ్చిన ఎకో లాండ్రీలో రేటు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది, ఎదురుగానే ఏళ్లనాటి డ్రై క్లీనింగ్ షాపు ఉంది. పెళ్లికి కట్టిన పట్టుచీరలు, గద్వాల చీర, మీవారి కోటు ఎవరికివ్వాలని అడిగారు. నేను రెండు రకాల షాపులకూ బట్టలు ఇస్తుంటాను. నా అనుభవంలో అన్నీ ఒకే చోట ఇవ్వడం మంచిది కాదు. ముందు బట్టేమిటి, దాని మీద పడిందేమిటి అని చూసుకుంటే సగం తేలిపోతుంది.

డ్రై క్లీనింగ్‌లో నీళ్లకు బదులు సాల్వెంట్ అనే రసాయన ద్రవం వాడతారు. నెయ్యి, నూనె, మేకప్ లాంటి జిడ్డును అది బాగా లాగేస్తుంది. చెమట, పాయసం, కాఫీ అలా కాదు, అవి నీటికి వదిలే మరకలు. వాటిని మెషీన్‌లో వేసే ముందు చేత్తో విడిగా తీయాలి. మా అమ్మ ధర్మవరం చీర కొంగు మీద బొబ్బట్ల నెయ్యి పడితే ఒక పాత షాపులో ఇచ్చాం. నెయ్యి ఆనవాలు లేకుండా పోయింది. కానీ నడుము దగ్గరి చెమటను వాళ్లు పట్టించుకోలేదు. ఇంటికొచ్చినప్పుడు శుభ్రంగానే కనిపించింది, సంక్రాంతికి బీరువాలోంచి తీస్తే అక్కడ పచ్చటి చార తేలి ఉంది. అందుకే ఇప్పుడు ఏ షాపులో ఇచ్చినా ఎక్కడ ఏం పడిందో చూపించి బిల్లు మీద రాయిస్తాను. పసుపు మరక పూర్తిగా పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే మాత్రం నమ్మకండి.

ఇక సాల్వెంట్ సంగతి. మన దగ్గర చిన్న షాపుల్లో పెట్రోల్ వాష్ అని చేసేది చాలావరకు మినరల్ టర్పెంటైన్‌తోనే. వాసన ఘాటు, నిప్పంటుకుంటే ప్రమాదం. పెద్ద మెషీన్లున్న చోట చాలాకాలంగా వాడుతున్నది పెర్క్, అంటే పర్‌క్లోరోఇథిలీన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. కాలిఫోర్నియాలో 2023 నుంచి డ్రై క్లీనింగ్‌కు దాన్ని వాడనివ్వడం లేదు. అమెరికా మొత్తానికీ పదేళ్లలో ఆపించేలా అక్కడి పర్యావరణ సంస్థ 2024 డిసెంబర్‌లో నియమం తెచ్చింది. ఏడాదికి రెండుసార్లు చీర ఇచ్చే మనకంటే, గాలి ఆడని గదిలో రోజంతా ఆ మెషీన్ దగ్గర నిలబడే మనిషికే ఎక్కువ హాని. నేను కొంచెం ఎక్కువ డబ్బు పెట్టడానికి మొదటి కారణం అదే.

అలాగని ఎకో అని బోర్డు ఉంటే చాలదు. లోపల వాడేది పెట్రోలియం నుంచి తీసిన హైడ్రోకార్బన్ అయినా ఆ బోర్డు పెట్టుకోవచ్చు. పెర్క్ కంటే అది బట్టకు మెత్తన, కానీ చెమట మరక విషయంలో పెద్ద తేడా ఉండదు. నిజంగా తేడా ఉన్నది వెట్ క్లీనింగ్. నీళ్లతోనే, కానీ డ్రమ్ము చాలా నెమ్మదిగా తిరుగుతుంది, సబ్బు వేరు, ఆరబెట్టేటప్పుడు తేమను చూసుకుంటారు, చివర్లో బట్టను సాగదీసి ఇస్త్రీ చేస్తారు. నా వెంకటగిరి చీర మీద పులుసు మరక దీనితోనే పోయింది. వాసన లేదు, చీర తేలిగ్గా వచ్చింది.

గద్వాల దగ్గర మాత్రం జాగ్రత్త. దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నీళ్లు తగిలితే రెండూ ఒకేలా కుంచించుకోవు, కలిపిన చోట అంచు ముడతలు పడుతుంది. మా చెల్లెలి చీరకు అలాగే జరిగింది, ఎంత రోలింగ్ చేయించినా పూర్తిగా సరికాలేదు. జరీ బరువుగా ఉన్న పట్టుచీరలకూ, రంగు దిగే చీరలకూ కూడా నేను నీళ్ల జోలికి వెళ్లను, హైడ్రోకార్బన్ వాడే చోటే ఇస్తాను.

రంగు దిగుతుందో లేదో చూడటానికి ఒక షాపాయన చేసింది నాకు బాగా నచ్చింది. నడుములో దోపుకునే లోపలి కొసను పట్టుకుని, తడిపి పిండిన తెల్లగుడ్డను దాని మీద కాసేపు నొక్కి ఉంచాడు. గుడ్డకు ఎర్రజీర అంటింది. వెంటనే, 'దీన్ని నీళ్లలో వెయ్యనమ్మా' అని చీర పక్కన పెట్టేశాడు. అలాంటి మనిషి దొరికితే బోర్డు మీద ఏం రాసి ఉన్నా వదులుకోకండి.

కోటు సంగతి తేలిక, లేబులే చెబుతుంది. గుండ్రటి గీతలో పి అక్షరం ఉంటే పెర్క్ అయినా హైడ్రోకార్బన్ అయినా ఫరవాలేదు, ఎఫ్ ఉంటే హైడ్రోకార్బన్ మాత్రమే, డబ్ల్యూ ఉంటే వెట్ క్లీనింగ్ చేయొచ్చు. కింద అడ్డగీత ఉంటే మరింత నాజూకుగా చేయాలని. మన చేనేత చీరలకు ఇలాంటి లేబులు ఉండదు, అందుకే అడగడం, చూపించడం అంతా మన మీదే పడుతుంది.

మీరు రెండు షాపులకూ వెళ్లి ఏ సాల్వెంట్ వాడతారు, బట్టలు ఇక్కడే చేస్తారా, వేరే చోటికి పంపుతారా అని అడగండి. ఈమధ్య చాలా షాపులు కలెక్షన్ సెంటర్లే, కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి ఏమీ తెలియదు. తెలియదంటే పట్టుచీర అక్కడ పెట్టకండి. ఎకో షాపులో వెట్ క్లీనింగ్ ఉండి, లేబులు మీద డబ్ల్యూ ఉంటే కోటు నిశ్చింతగా అక్కడ ఇవ్వండి. గద్వాల, పట్టుచీరలు హైడ్రోకార్బన్ అని స్పష్టంగా చెప్పినవాళ్లకే. చీరలు తెచ్చుకున్నాక ప్లాస్టిక్ కవర్ తీసేసి ఒక పూట నీడలో గాలికి ఆరేసి, నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకోండి.