వారానికొక దేశపు వంట రుచి చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

చదువు పూర్తయ్యేలోగా, నువ్వుంటున్న నగరంలోనే వారానికొక దేశపు వంట రుచి చూడాలని నిశ్చయించుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో అంత గుబులూ కలిగింది. గుబులెందుకో నీకు తెలియనిది కాదు. వేరుశనగ మీ నాన్న ఒంటికి పడదు, నీ ఒంటికీ పడదు.

తేలికైన మాటలు ముందు చెప్పేస్తాను. ఏ దేశపు వంట తినాలనుకుంటే ఆ దేశంవారు కాపురాలుండే పేటకే వెళ్లు, వారు తినే వేళకే వెళ్లు. వియత్నాంవారు ఫో అనే నూడుల్స్ పులుసును పొద్దున్నే తింటారు. దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతపు డిమ్ సమ్ అనే చిరుతిళ్ల సందడి ఉదయం మొదలై మధ్యాహ్నానికి సద్దుమణుగుతుంది. పులుసు వడ్డించగానే సాసులు గుమ్మరించకుండా ముందు ఒక చెంచా ఉత్తగా రుచి చూడు. జపానువారి ఎదుట చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చకు. చనిపోయినవారికి అన్నం పెట్టేటప్పుడు వారు అలా గుచ్చుతారు. నీ వెంట శాకాహారులైన స్నేహితులు వస్తే, జపానువారి మిసో సూపులో ఎండుచేప సారం, కొరియావారి కిమ్చీ పచ్చడిలో ఉప్పురొయ్యలు ఉండడం మామూలేనని వారికి ముందే చెప్పు.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు దీన్ని పూర్తిగా చెప్పి ఉండడు.

మీ నాన్న కొత్తగా విదేశంలో ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేను వాడి దగ్గర కొన్నాళ్లు ఉన్నాను. తోటి ఉద్యోగి ఒకరు మమ్మల్ని పశ్చిమ ఆఫ్రికా భోజనానికి పిలిచారు. సెనెగల్, మాలి దేశాల్లో మాఫే అని వండే కూర తెప్పించారు. టమాటా ఎరుపుతో, చిక్కగా, పైన నూనె తేలుతూ ఘుమఘుమలాడుతోంది. ఇందులో వేరుశనగ గింజలున్నాయా అని మీ నాన్న అడిగాడు. గిన్నెలో గింజ ఒక్కటీ కనిపించదు కనుక వడ్డించే కుర్రవాడు లేవన్నాడు. అబద్ధమాడాలని అన్నది కాదు. ఆ కూరకు చిక్కదనమంతా నూరిన వేరుశనగ ముద్ద వల్లే వస్తుంది.

రెండు మూడు ముద్దలకే వాడి పెదవులు చురచురలాడాయి. ప్రేమగా పిలిచినవారిని కంగారు పెట్టడమెందుకన్న మొహమాటంతో, నాతో కూడా ఒక్క మాటైనా చెప్పకుండా, నవ్వుతూ లేచి బాత్‌రూమ్‌కు వెళ్లి తలుపు గడియ పెట్టుకున్నాడు. జేబులోని ఎలర్జీ మాత్ర మింగి, అదే తగ్గుతుందిలే అని అక్కడే నిలబడ్డాడట. ఎంతకీ రాకపోయేసరికి నాకు అనుమానం వచ్చి మా అతిథేయిని పంపాను. తలుపు తెరిపించేసరికి నేల మీద చతికిలబడి, పిల్లికూతల ఊపిరితో, మాట పెగలక చూస్తున్నాడు. అంబులెన్సులో ఎడ్రినలిన్ ఇంజక్షను ఇచ్చాకే గొంతు తెరుచుకుంది. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చని ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు.

తినడం ఒక పొరపాటైతే, గడియ పెట్టుకోవడం అంతకు పదింతల పొరపాటు. నువ్వూ వాడిలాగే మొహమాటస్తురాలివి కనుక కోప్పడే చెబుతున్నాను: నోరు దురద పెట్టినా, గొంతు బిగిసినట్టున్నా కూర్చున్న చోటనే ఉండి అందరికీ వినిపించేలా చెప్పు. నీ దగ్గరుండే ఎడ్రినలిన్ ఇంజక్షను తొడ వెలుపలి భాగంలో, బట్టల మీదుగానైనా సరే, వెంటనే పొడుచుకో. ఆ తర్వాత అంబులెన్సును పిలిపించు. మాత్ర ఆ పని చేయదు. ఎవరూ వెంట లేకుండా కొత్త చోటికి తినడానికి వెళ్లకు.

వేరుశనగ దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రాలు దాటి, ఆఫ్రికా, ఆసియాల వంటిళ్లలో పాతుకుపోయింది. చైనావారి కుంగ్ పావ్ చికెన్‌లో అది కంటికి కనబడుతుంది కనుక దానికి నేను భయపడను. మెక్సికోవారి మోలే పొబ్లానో అనే చిక్కటి సాసులో మిరపకాయలు, నువ్వులు, చాక్లెట్‌తో కలిసి నలిగిపోతుంది. ఇండొనేషియావారి గాడో-గాడో అనే కూరగాయల సలాడ్ మీద పోసే సాసు దాదాపుగా అదే. అందుకే గింజలున్నాయా అని కాక, గ్రేవీ దేనితో చిక్కబడింది, ఏ నూనెలో వేయించారు అని, వీలైతే వండినవారినే అడుగు. నీకు పడనివాటిని ఆ భాష తెలిసిన స్నేహితుల చేత ఒక చీటీ మీద రాయించుకుని వంటింట్లోకి పంపు. శ్రద్ధగా అడిగేవారిని వండేవారు చిన్నచూపు చూడరు తల్లీ, పొయ్యి దగ్గరికి పిలిచి మరీ చూపించినవారిని నేనెరుగుదును.

నా మాట వింటే ఇథియోపియా వంటతో మొదలుపెట్టు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు ముట్టరు కనుక పప్పులు, శనగపిండితో చేసే షిరో, ఆకుకూరలు బాగా దొరుకుతాయి. టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని కొన్ని రోజులు పులియబెట్టి పోసే ఇంజెరా అనే అట్టు మీదే కూరలన్నీ వడ్డించి, అందరూ ఒకే పళ్లెంలోంచి కుడిచేత్తో తింటారు. ఆప్యాయత కలిగితే ముద్ద చుట్టి నీ నోట్లో పెడతారు. దాన్ని గుర్షా అంటారు, కాదంటే నొచ్చుకుంటారు. మీ నాన్నకు వచ్చిన మొహమాటం నీకు సరిగ్గా ఆ క్షణంలోనే వస్తుంది. కూర్చోగానే నీకు పడనిదేమిటో చెప్పేశావంటే, ఆ ముద్దకు నిశ్చింతగా నోరు తెరవవచ్చు.

ఇంజక్షన్లు రెండు వెంట ఉంచుకో, వాటి గడువు తేదీ ఇవాళే చూసుకో. మొదటి శుక్రవారం నీతో ఎవరు వచ్చారో, వంటింటివారిని ఏమడిగావో, వారేం చెప్పారో నాకు వివరంగా రాయి.

ప్రేమతో,
మీ అత్తయ్య