ఆపరేషన్‌కు ముందే కంచం సరిచెయ్యి

చి. సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అమ్మ గర్భసంచి ఆపరేషన్‌కు ఇంకా మూడు వారాలుంది కదా, ఈలోగా "పొట్ట తేలిగ్గా ఉండాలి" అని రాత్రి అన్నం మానేసిందట! ఆ మొండితనం నాకు కొత్త కాదు, నా చెల్లెలే కదా. నువ్వు మాత్రం ఊరుకోకు.

సర్జికల్ వార్డులో ఇరవై ఎనిమిదేళ్లు కట్లు మార్చాను. హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న ఒకాయన ఇప్పటికీ కళ్లముందే ఉన్నాడు. నెల ముందు నుంచీ జావతో గడిపాడు. ఆపరేషన్ అయ్యాక, పప్పు తింటే చీము పడుతుందని ఇంటివాళ్లు చారన్నమే తెచ్చేవారు. తొమ్మిదో రోజు కుట్లు విప్పుతుంటే గాయం అంచులు తడిసిన కాగితంలా విడిపోయాయి. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది గానీ కందిపప్పు వల్ల కాదని ఎంత చెప్పినా ఆ ఇల్లాలు నమ్మలేదు.

గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. తిండిలో దొరకకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. ఆపరేషన్ బాగా జరిగినా కొందరు గోడ పట్టుకుని నడిచేది అందుకే. కత్తి పడ్డాక రెండు మూడు రోజులు ఎలాగూ ఆకలి ఉండదు, కాబట్టి తినవలసింది ఇప్పుడే. కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్న వాళ్ల లెక్కలు 1936లో స్టడ్లీ అనే అమెరికా సర్జన్ రాశాడు: ముందే బరువులో అయిదో వంతుకు మించి కోల్పోయిన వాళ్లలో నూటికి 33 మంది పోయారు, మిగతా వాళ్లలో ముగ్గురు నలుగురే. ఆ రోజులు వేరనుకో, అయినా మీ అమ్మ చిక్కిపోయిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పు.

కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు పడాలి. తన 52 కిలోలకు 62 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో మరో ఆరు, కప్పు ముద్దపప్పులో ఏడెనిమిది ఉంటాయి. అన్నం గుట్టగా పెట్టుకుని పైన గరిటెడు పప్పునీళ్లు పోసుకునే అలవాటు మాన్పించు. కిడ్నీల రిపోర్టు బాగుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

హిమోగ్లోబిన్ 9 అన్నావు, నాకు అసలు బెంగ అదే. ఐరన్ మాత్ర నిమ్మరసంతో ఇవ్వు, టీతో పాటు వద్దు. మూడు వారాల్లో మాత్రలతో పెరుగుతుందా, సెలైన్‌లో ఐరన్ ఎక్కించాలా అని ఈ వారమే అడుగు.

ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదనేది మా కాలం పద్ధతి. ఎందరి చేతుల్లోంచి గ్లాసు లాక్కున్నానో! ఇప్పుడు చాలామందికి అన్నం ఆరు గంటల ముందు ఆపి, నీళ్లు రెండు గంటల ముందు వరకు ఇస్తున్నారు. మీ అమ్మకు ఎంతసేపు అనేది మత్తు డాక్టరు చెప్పాలి, ఆయన మాటే వినండి.

కార్తీక సోమవారాలు ఉపవాసం తప్పదంటోందట. ఈ ఏడాది తన వంతు కూడా నేనే ఉంటానని చెప్పు. తనను గుడ్డు తినమను... సోమవారం కాకపోతే మంగళవారమైనా.

పెద్దమ్మ