షెర్రీ పీపా విస్కీ: సీసా కొనకముందు ఒక గుక్క

స్కాట్లాండ్‌లోని అబర్దీన్‌కు కొత్తగా వచ్చిన మీరు, సహోద్యోగులు పిలిచిన విస్కీ విందుకు పద్దెనిమిదేళ్ళ షెర్రీ పీపా సింగిల్ మాల్ట్ సీసా కొని తీసుకువెళ్ళాలా అని అడిగారు. అంటే షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షమద్యం పోసి ఉంచిన పీపాలో పద్దెనిమిదేళ్ళు ఊరిన, ఒకే బట్టీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ. అక్కరలేదు. అద్దె, కరెంటు బిల్లు, ఇంటికి పంపవలసిన సొమ్ము పోగా మీ చేతిలో ఏం మిగులుతుందో ముందు లెక్క వేసుకోండి.

నేను వచ్చిన కొత్తలో ఈ లెక్క వేసుకోలేదు. మనవాళ్ళ ముందు గొప్పగా ఉంటుందని, ముదురు ఎరుపు రంగు చూసి, ఇరవై ఒక్క ఏళ్ళ సీసాను క్రెడిట్ కార్డు మీద కొన్నాను. దానిని గ్లాసు నిండా ఐసు వేసి, సోడా కలిపి, మిరపకాయ బజ్జీలతో తాగాము. చల్లదనం వాసనను అణచివేసింది, కారం నాలుకను మొద్దుబార్చింది, అంత ఖరీదైన సరుకులో ఏముందో ఒక్కరికీ తెలియలేదు. ఆ కార్డు వడ్డీ చాలాకాలం కట్టాను. నిలదొక్కుకుని ఇల్లు కొనుక్కున్న ఈ రోజున కూడా ఆ సొమ్ము తలచుకుంటే బాధగానే ఉంటుంది.

ధర ఎందుకంత ఉంటుందో తెలిస్తే మీరు తొందరపడరు. షెర్రీతో నానబెట్టిన ఓక్ పీపా, బర్బన్ అనే అమెరికా విస్కీ పోసి ఉంచిన పీపా కంటే చాలా ఖరీదు. పైగా స్కాట్లాండ్ గోదాముల్లో ఏటా సుమారు 2 శాతం విస్కీ ఆవిరైపోతుంది కనుక, పాతికేళ్ళు గడిచేసరికి పీపాలో దాదాపు ఐదింట రెండు వంతులు ఉండదు. సీసా మీది వయసు అందులో కలిసిన విస్కీలన్నింటిలోకి చిన్నదాని వయసు. సీసాలోకి ఎక్కాక అది ఇక పెరగదు. రంగును నమ్మకండి, ఎందుకంటే కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. గ్లెన్‌ఫార్క్లాస్, గ్లెన్‌డ్రోనాక్ వంటి స్కాట్లాండ్ విస్కీ బట్టీలవారు రంగు కలపరు.

ఇక రుచి చూసే పద్ధతి. తులిప్ ఆకారపు గ్లాసులో కొద్దిగా పోసి, కాసేపు వదిలేసి, నోరు కొంచెం తెరిచి ఉంచి వాసన చూడండి. ముక్కును లోపలికి దూర్చితే ఆల్కహాలు ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఎండుద్రాక్ష, అంజీరు, నారింజ తొక్క, లవంగం, అక్రోటు వాసనలు ఒక్కొక్కటిగా అందుతాయి. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికి మాత్రమే, తీర్పు రెండవ గుక్కకు చెప్పండి. తరువాత రెండు మూడు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి, ముఖ్యంగా ఆల్కహాలు 46 శాతం, ఆపైన ఉన్నవాటికి. మింగాక గొంతులో ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. మరీ పాతబడినవాటిలో ఓక్ చేదు వగరు పైకి వస్తుంది; ఎక్కువ వయసు కోసం డబ్బు పోసి ఆ వగరు కొనుక్కున్నవారిని నేను చాలామందిని చూశాను. గ్లెన్‌డ్రోనాక్ 12, గ్లెన్‌ఫార్క్లాస్ 15 పక్కపక్కన పెడితే నేను ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను: మొదటిదానిలో పెడ్రో హిమెనెజ్ అనే తియ్యటి షెర్రీ పీపాల తీపి ఉంటుంది, రెండవది ఒలోరోసో అనే తీపి లేని షెర్రీ పీపాల గుణంతో నిలుస్తుంది. ఓపిక పడితే మీకూ వస్తుంది.

ఇది నేర్చుకోవడానికి సీసా అవసరం లేదు. 70 సెంటీలీటర్ల సీసాలో పబ్బులో పోసే 25 మిల్లీలీటర్ల కొలతలు 28 ఉంటాయి. పబ్బువాడు లాభం వేసుకున్నా ఒక్క కొలత ఖరీదు మీ జేబు తట్టుకోగలిగినదే. 5 సెంటీలీటర్ల చిన్న సీసాలూ దొరుకుతాయి. విందుకు కారు తీసుకువెళ్ళకండి, కారు నడిపేవారి ఒంట్లో ఉండదగిన ఆల్కహాలు హద్దు స్కాట్లాండ్‌లో ఇంగ్లండ్ కంటే తక్కువ. మీవంతుగా ఉప్పు వేయని బాదం, జీడిపప్పు పట్టుకువెళితే అందరూ సంతోషిస్తారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మీ నాన్నగారికి ఒక సీసా తీసుకువెళ్ళాలని కూడా అన్నారు. భారతదేశానికి మనిషికి 2 లీటర్ల వరకు సుంకం లేదు. తాజా నిబంధనలు కస్టమ్స్ వారి దగ్గర చూసుకోండి. 12 ఏళ్ళది కొనండి, మిగిలిన డబ్బుతో ఆయన పరీక్షలకో మందులకో పంపండి. సీసాను నిలువుగానే ఉంచమనండి, పడుకోబెడితే ఆల్కహాలు బిరడాను తినేస్తుంది. మూత తీశాక మూడోవంతుకు దిగితే, లోపలి గాలికి రుచి తగ్గుతుంది కనుక ఎవరినైనా పిలిచి త్వరగా పూర్తిచేయమనండి.