డాక్టరమ్మకు రెండు మాస్టర్స్ డిగ్రీలు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ ముగించి రెండేళ్లుగా డ్యూటీ డాక్టరుగా చేస్తోంది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ రెండింటి మీదా మనసుంది. రెండు డిగ్రీలూ చేయించాలా? ఏది ముందు?

జవాబు: రెండూ అక్కర్లేదండీ. ఒకటి చదివితే రెండోది పనిలో పట్టుబడుతుంది. డ్యూటీలో తనకు ఏది ఎక్కువ విసుగు తెప్పిస్తోందో ముందు అడగండి.

మంచాలు ఖాళీ కావడం లేదని విసుక్కుంటే అడ్మినిస్ట్రేషన్. పొద్దున పదింటికి డిశ్చార్జి రాసినా సమ్మరీ, మందుల వాపసు, బిల్లు తెమిలేసరికి సాయంత్రం. నిండుగా నడిచే వంద పడకల్లో ఒక్కొక్కరూ సగటున 5 రోజులుంటే 30 రోజుల్లో 600 మందికి చోటు, 4 రోజులైతే 750 మందికి. ఈ లెక్కా, దాని వెనకుండే సిబ్బంది, ఖర్చు, నాణ్యతా ఎంహెచ్‌ఏలో (మాస్టర్ ఆఫ్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్) చదువుతారు, మామూలుగా రెండేళ్లు.

రిపోర్టులే చిరాకు తెప్పిస్తుంటే ఇన్ఫర్మాటిక్స్, అంటే వైద్య డేటాను కంప్యూటర్లో సరిగ్గా నడిపే చదువు. ఒక ల్యాబు గ్లూకోజ్ 99 అంటుంది, ఇంకోటి 5.5 అంటుంది. రెండూ ఒకటే: మొదటిది డెసీలీటరుకు మిల్లీగ్రాములు, రెండోది లీటరుకు మిల్లీమోల్స్, తేడా 18 రెట్లు. యూనిట్ చూడని సాఫ్ట్‌వేర్ గ్రాఫు గీస్తే షుగర్ పాతాళానికి పడిపోయినట్టుంటుంది. ల్యాబు పరీక్షలకు ప్రామాణిక కోడ్‌లిచ్చే లాయింక్ పద్ధతిలో వీటికి కోడ్‌లే వేరు: 2345-7, 14749-6. ఇలాంటి తేడాను డాక్టరు కన్ను చప్పున పట్టేస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, కొరత ఈ కన్నుకే.

అందుకే ఏడాదంతా పైథాన్ ప్రోగ్రామింగ్ మీద ధారపోయవద్దనండి. ముందు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌లోంచి కావలసింది అడిగి తీసే భాష. మిమిక్-4 అనే ఆసుపత్రి డేటాబేస్ డెమోలో పేర్లు తీసేసిన 100 మంది రోగుల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఐసీయూలో 48 గంటలు దాటినవాళ్లు ఎందరో అందులో తీయమనండి. మొదటిసారి లెక్క తప్పడం మామూలే: ఒకే మనిషి రెండుసార్లు ఐసీయూకి వస్తే రెండు వరసలు పడతాయి, వరసలు లెక్కపెట్టినవాళ్లు మనుషుల్ని లెక్కపెట్టామనుకుంటారు. ఈ చిక్కు విప్పడం సరదాగా అనిపిస్తే తన దారి తేలినట్టే.

అమెరికా ఆలోచన ఉంటే వరుస మారుతుంది. అక్కడ క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్‌ను 2011లో ఉపస్పెషాలిటీగా గుర్తించారు, 2013లో మొదటి బోర్డు పరీక్ష జరిగింది. ఆ ఉపస్పెషాలిటీలో శిక్షణ ఇచ్చే రెండేళ్ల ఫెలోషిప్‌కు ముందు ఏదో ఒక స్పెషాలిటీలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే స్పెషలిస్టు శిక్షణ) ముగించి ఉండాలి. మాస్టర్స్ డిగ్రీ ఆ రెసిడెన్సీకి బదులు కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఎటు వెళ్లినా రోగుల్ని చూడడం పూర్తిగా మానవద్దు, వారానికి ఒక పూటైనా సరే. వార్డు మొహం చూడనివారు సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన మందుల హెచ్చరికలు రోజుకు వందసార్లు మోగుతుంటే, డాక్టర్లు చదవకుండానే నొక్కి పారేస్తారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఒక్కటి తప్పక అడగండి: ప్రాజెక్టు నడుస్తున్న ఆసుపత్రిలోనా, తరగతి గదిలోనా? తరగతి గదిలోనే అంటే ఇంకో కోర్సు చూడండి.