ప్రాసెసర్ మార్చమంటున్నారు, మార్చాలా?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పంతొమ్మిదేళ్లు కౌంటరు వెనక నిలబడి కంప్యూటర్లు బిగించాను. ‘సిస్టం స్లో అయింది, ప్రాసెసర్ మార్చేయండి’ అన్న మాట అక్కడ రోజూ వినేవాణ్ని. ఇప్పుడు ఉత్తరాల్లో వింటున్నాను. ఈసారి వచ్చినవాటిలో నాలుగు ఆ మాట మీదే ఉన్నాయి కాబట్టి ఈ సంచిక మొత్తం వాటికే.

ప్రశ్న: మాది నరసరావుపేట. ఫ్లెక్సీ డిజైనింగ్ షాపు నడుపుతున్నాను. నా సిస్టం ఐ5 4570, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఫొటోషాప్‌లో పెద్ద బ్యానర్ తెరిస్తే సిస్టం బిగుసుకుపోతోంది. పార్టీవాళ్లు పక్కనే కూర్చుని తొందర పెడుతుంటారు, నాకేమో టెన్షన్. సెకండ్ హ్యాండ్‌లో ఐ7 4790 వేస్తే డబుల్ స్పీడ్ వస్తుందని మా ఊళ్లో సర్వీస్ చేసే అతను అంటున్నాడు. వేయించమంటారా? ఈమధ్య వాట్సాప్‌లో పంపే పెళ్లి శుభలేఖ వీడియోలు కూడా చేస్తున్నాను.

జవాబు: అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ ప్రాసెసర్ మీ మదర్‌బోర్డులో కూర్చుంటుంది. బోర్డు తొలిరోజులది అయితే ముందు బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాల్సి రావచ్చు, అంతే. కానీ డబుల్ స్పీడ్ మాత్రం రాదు. మీ 4570 గట్టిగా పరిగెడితే 3.6 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది, 4790 అయితే 4.0. రెండింటిలోనూ కోర్లు (పని చేసే చేతులనుకోండి) నాలుగే. ఐ7లో ఒక్కో కోరు రెండేసి పనులు పట్టుకుంటుంది కాబట్టి థ్రెడ్లు ఎనిమిదవుతాయి. ఆ ఎనిమిదింటికీ పని దొరికితేనే తేడా కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో మీరు రోజంతా చేసే పనుల్లో చాలావాటికి అన్ని థ్రెడ్లు అక్కర్లేదు.

అసలు మీ బ్యానర్ ఎంత బరువో ఒకసారి లెక్కేద్దాం. పది అడుగులు వెడల్పు, ఆరడుగులు ఎత్తు, అంగుళానికి 100 చుక్కలు అనుకోండి. అంటే 12,000 ఇంటూ 7,200, మొత్తం 8.64 కోట్ల చుక్కలు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో ఒక్కో చుక్కకి 4 బైట్లు. కాన్వాసు మొత్తం నిండిన ఒక్క లేయరే దాదాపు 345 ఎంబీ అన్నమాట. ఇక మన పుట్టినరోజు ఫ్లెక్సీ సంగతి మీకు నేను చెప్పాలా? నాయకుడి నిలువెత్తు ఫొటో, పైన పెద్దాయన, వెనకాల పూలు, మెరుపులు, కింద వరసగా ఇరవై మంది కార్యకర్తల తలకాయలు. తలకాయలు చిన్నవే, వాటితో పెద్ద బరువేం లేదు. నిండుగా పరిచే బ్యాక్‌గ్రౌండ్లు, గ్లోలు నాలుగైదు అయ్యాయంటే ఒకటిన్నర జీబీ దాటుతుంది. వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ దానికి అదనం. అప్పటికే విండోస్, బ్రౌజరు, పక్కన తెరిచి ఉంచిన కోరల్‌డ్రా కలిసి మీ 8 జీబీలో సగం తినేసి ఉంటాయి.

చోటు చాలకపోతే ఫొటోషాప్ ఏం చేస్తుంది? మిగిలింది హార్డ్ డిస్క్ మీద పెట్టుకుంటుంది. స్క్రాచ్ డిస్క్ అనేది అదే. మీలాంటి పాత హార్డ్ డిస్క్ మామూలుగా సెకనుకి 100, 150 ఎంబీ కంటే పెద్దగా కదలదు. అదీ వరసగా చదివితేనే. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క వెతుక్కోవాల్సి వస్తే ఇంకా దారుణం. ఆరడుగుల బల్ల మీద పది అడుగుల ఫ్లెక్సీ పరిచి కోస్తున్నట్టుంది మీ పరిస్థితి. కోసేవాణ్ని మార్చినా బల్ల పెరగదు కదా.

నా మాట మీద నమ్మకం పెట్టక్కర్లేదు, మీరే చూసుకోండి. మిమ్మల్ని ఎక్కువగా ఏడిపించే ఫైల్ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ అన్నచోటికి వెళ్లి, మామూలుగా పని చేసుకుంటూ, బిగుసుకుపోయిన క్షణంలో అటు చూడండి. మెమరీ 90 శాతం పైన, డిస్క్ 100 దగ్గర అతుక్కుని, సీపీయూ ఏ ముప్పై దగ్గరో ఆడుతుంటే ప్రాసెసర్ తప్పేమీ లేదు. పాపం, అది సరుకు కోసం ఎదురుచూస్తోంది.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో ఒక్క కోరు పూర్తిగా ఊపిరాడక కొట్టుకుంటున్నా మొత్తం అంకె 25 శాతమే చూపిస్తుంది. అది చూసి ‘ఖాళీగానే ఉందిగా’ అనుకోకూడదు. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకుంటే కోరుకో గడి వస్తుంది. ఒక గడి నిండిపోయి మిగతా మూడూ తీరిగ్గా ఉంటే, ఆ పని ఒక్క కోరు మీదే నడుస్తోందని అర్థం. అప్పుడు థ్రెడ్లు పెంచినా ఉపయోగం లేదు, ఒక్కో కోరూ వేగంగా ఉండే కొత్త తరం ప్రాసెసర్ కావాలి. నాలుగు గడులూ నిండిపోతేనే ఎక్కువ థ్రెడ్ల మాట.

అక్కడే స్పీడ్ అని ఇంకో అంకె ఉంటుంది. పని ఒత్తిడిలో అది మీ ప్రాసెసర్ అసలు వేగమైన 3.2 కంటే బాగా కిందికి జారిపోతుంటే వేడిని అనుమానించండి. పల్నాడు ఎండల్లో, షట్టరు తెరిచి ఉండే షాపులో, రోడ్డు దుమ్ము పీల్చుకునే ఫ్యాను సంగతి ఊహించగలను. కూలర్ విప్పి దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది పూయించండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

మీ బోర్డుకి రెండే ర్యామ్ స్లాట్లు, 16 జీబీ దాకానే పడుతుంది. రెండు 8 జీబీ డీడీఆర్3 ముక్కలు వేయించండి. ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా నడిచే డిస్క్) తీసుకుని విండోస్, ఫొటోషాప్, స్క్రాచ్ మూడూ దాని మీద పెట్టండి. పాత హార్డ్ డిస్క్‌ని ఫైళ్లు దాచుకోవడానికి వాడుకోవచ్చు. హెచ్81లో సాటా పోర్టులు రెండు రకాలు. ఎస్‌ఎస్‌డీ వైరు 6 జీబీపీఎస్ పోర్టులోనే పెట్టమనండి, మర్చిపోయేవాళ్లను చూశాను.

ఇక వీడియోల సంగతి. అది వేరే లోకం. వీడియో రెండర్ అయ్యేటప్పుడు, అంటే చివరి ఫైలుగా తయారయ్యేటప్పుడు, నాలుగు గడులూ నిండుతాయి, ఐ7 అక్కడ ఎంతో కొంత లాభం చూపిస్తుంది. అయినా 2014 నాటి సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. రెండర్ నడుస్తున్నంతసేపూ మీరేం చేస్తున్నారో ఒక వారం పాటు చూసుకోండి. భోజనానికి వెళ్లేటప్పుడో షట్టరు దించేటప్పుడో రెండర్ పెట్టి పోతుంటే, అరగంట పట్టినా గంట పట్టినా మీకు పోయేదేం లేదు. అలా కాక రోజుకి మూడుసార్లు అరగంట చొప్పున చేతులు కట్టుకు కూర్చుని, గిరాకీ పక్క షాపుకి పోతుంటే మాత్రం బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి కొత్తవి కొనండి. ఎస్‌ఎస్‌డీ ఎటూ కొత్తదాంట్లోకి వస్తుంది కాబట్టి దాని డబ్బు వృథా కాదు. డీడీఆర్3 ర్యామ్ మాత్రం రాదు. అందుకని ఈ నెలలోనే కొత్త సిస్టం కొనే ఉద్దేశం ఉంటే ర్యామ్ కొనకండి.

మీలాంటి ఆయనే ఒకరు, డీటీపీ చేసేవారు, పట్టుబట్టి నాతో ఐ5 తీయించి ఐ7 పెట్టించుకున్నారు. నాలుగో రోజు మళ్లీ వచ్చారు. ‘ఏం మారలేదండీ’ అన్నారు. ఆయన వాడేది పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. 2001 నాటి ఆ సాఫ్ట్‌వేర్ రెండో కోరునే సరిగ్గా వాడుకోలేదు, ఇక ఎనిమిది థ్రెడ్లు ఏం చేసుకుంటుంది? ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది నేను. బేరం పోతుందని గట్టిగా చెప్పలేదు.

ప్రశ్న: నేను రిటైర్డు ఉపాధ్యాయుణ్ని, హనుమకొండ. 2017లో కొన్న ఐ5 7400, హెచ్110 బోర్డు. డాలస్‌లో ఉన్న అబ్బాయితో వీడియో కాల్, ఈ-పేపర్లు, కొంచెం తెలుగు టైపింగ్ నా వాడకం. ఏ ఇబ్బందీ లేదు. కానీ విండోస్ 11 వేయబోతే ఈ ప్రాసెసర్‌కి కుదరదంటోంది. 8వ తరం ప్రాసెసర్ కొంటే సరిపోతుందట, సాకెట్ నంబరు కూడా 1151యేనట. నిజమేనా?

జవాబు: మాస్టారూ, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) నంబరు ఒకటే, ప్రాసెసర్ కూర్చుంటుంది కూడా. కానీ సిస్టం ఆన్ కాదు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 8వ తరం వచ్చిన కొత్తలో ఒక కస్టమర్‌కి హెచ్110 బోర్డు మీద ఐ3 8100 పెట్టాను. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ర్యామ్ మార్చాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్చాను, గంటన్నర కుస్తీ పట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు. తీరా చూస్తే ఇంటెల్ ఆ 1151 పిన్నుల్లో కొన్నింటి పని మార్చేసింది. 8వ తరానికి 300 సిరీస్ బోర్డులే కావాలి. డబ్బా విప్పేశాం కాబట్టి డీలరు వాపసు తీసుకోలేదు. ఆ ప్రాసెసర్ నా సొరుగులో నెలల తరబడి పడి ఉంది.

విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 నుంచే అధికారికంగా అనుమతి. 7వ తరంలో ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపుల్లో మీది లేదు. ఒక్క మెట్టు కింద ఆగిపోయారు. మీ పనికి ఆ ప్రాసెసర్ ఇంకా చాలు, దానికి నేను హామీ. చిక్కల్లా విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోవడమే. ఇళ్లలో వాడుకునేవాళ్లకి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబరు 13 దాకా ఉంది, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర చేరవచ్చు. ఆ తర్వాత రెండు దారులు. ఖర్చు లేనిది లైనక్స్ మింట్. బ్రౌజరు, వీడియో కాల్, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు అన్నీ అందులో ఉంటాయి. పెన్ డ్రైవ్ మీంచి నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. మీ వాడకానికి నా ఓటు దానికే. అది కుదరదు, విండోసే కావాలంటే బోర్డుతో సహా మార్చాలి. పింఛను డబ్బుతో బ్యాంకు పనులు ఆ కంప్యూటర్ మీదే చేస్తుంటే మాత్రం వాయిదా వేయకండి. అప్‌డేట్లు రాని సిస్టం మీద పాస్‌వర్డులు కొట్టడం మంచిది కాదు.

ప్రశ్న: ఐ7 ఉంటే ఐ3 కన్నా ఎప్పుడూ ఫాస్టేనా? సెకండ్ హ్యాండ్‌లో ఐ7 3770 చవగ్గా వస్తోంది. (పాఠకురాలు, కాకినాడ)

జవాబు: కాదమ్మా. ఐ7 3770 వచ్చింది 2012లో, ఐ3 12100 వచ్చింది 2022లో. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. అయినా ఆ ఐ3 ముందు ఈ ఐ7 నిలబడలేదు. ఐ తర్వాత అంకె కాదు, దాని వెనక ఉన్న పొడుగు నంబరు అడగండి. చివరి మూడంకెలు వదిలేస్తే మొదట మిగిలేది తరం: 3770 అయితే 3, 12100 అయితే 12.

ప్రశ్న: రైజెన్ 5 1600, బీ350 బోర్డు. గ్రాఫిక్స్ కార్డు కిందటేడాది మార్చాను. గేముల్లో కార్డు 60 శాతమే పనిచేస్తోంది, ఒకటి రెండు కోర్లు మాత్రం నిండిపోతున్నాయి. ఇప్పుడైనా ప్రాసెసర్ మార్చమంటారా, లేక మళ్లీ వద్దంటారా అన్నా? (బీటెక్ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: మార్చు తమ్ముడూ! నువ్వు రాసిన ఆ రెండు విషయాలే జవాబు చెప్పేశాయి: కార్డుకి తీరిక ఉంది, ప్రాసెసరే దానికి పని అందించలేకపోతోంది. నీ బోర్డులోలాగా ఏఎం4 సాకెట్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2017లో కొన్న బోర్డు మీద 2022లో వచ్చిన రైజెన్ 5 5600 నడుస్తుంది. అదీ 65 వాట్లే కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు. నీ బోర్డు కంపెనీ సైట్‌లో 5000 సిరీస్‌కి బయోస్ ఇచ్చారో లేదో ముందు చూసుకో. ఇస్తే పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేయి, కొత్తది పెట్టాక చేద్దామంటే తెరే రాదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోతుంది, యూపీఎస్ లేకుండా ముట్టుకోకు.

కూలర్ తీసేటప్పుడు ఒక గండం ఉంది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు బంకలా పట్టేసి, కూలర్‌ని నిలువునా లాగితే లాకు వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది. ముందు పావుగంట ఏదైనా గేమ్ నడిపి వేడెక్కనివ్వు. తర్వాత సిస్టం ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పుతూ వదులు చేసి తీయి. ఎంత జాగ్రత్తపడ్డా ఒక పిన్ను వంగిందనుకో, పెన్ పెన్సిల్‌లోంచి పుల్ల తీసేసి ఆ గొట్టాన్ని పిన్నుకి తొడిగి మెల్లగా నిలబెట్టు. నా టేబుల్ మీద అలాంటి పెన్సిల్ ఇప్పటికీ ఒకటుంది, మా పాప బడి సంచిలోంచి తెచ్చింది.