కొట్టి ఆర్నెల్లయినా నర్సుకు ఆ భయం ఎందుకు పోదు?

"మా చెల్లి స్టాఫ్ నర్సు. పేషెంటు తాలూకు మనిషి కొట్టి ఆర్నెల్లయింది. దెబ్బ ఎప్పుడో మానింది, డ్యూటీకి మాత్రం ఇంకా వణుకుతూ వెళ్తోంది. మరీ అంతుంటుందా?" అని అడిగారు. ఉంటుందండీ. నేనూ నర్సునే, నాకలా దెబ్బ తగిలి ఏడేళ్లు దాటింది.

అప్పట్లో జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ. పొలంలో పాము కరిచిన కుర్రాణ్ణి తెచ్చారు. విషం ఎక్కిందో లేదో తేలక డాక్టరుగారు రక్తం గడ్డకట్టే పరీక్ష పెట్టమన్నారు. గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. వంచినప్పుడు గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే, యాంటీ వెనమ్ (విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టాలి. ఆ మందు కూడా ఒక్కోసారి పడక ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ఊరికే ఎక్కించరు. కుర్రాడి తాలూకు వాళ్లకిదంతా ఎలా తెలుస్తుంది? వాళ్ల కంటికి నేను గడియారం చూస్తూ ఊరికే నిలబడ్డదాన్ని. ఇంకో ఏడు నిమిషాలుందనగా చెంప పగిలింది. చెవిలో హోరు. చెయ్యి మాత్రం ట్యూబు స్టాండు మీదే ఉంది. కదిలితే మళ్లీ మొదటికొస్తుంది కదా!

కుర్రాడు బతికాడు. పొద్దున్నే పెద్దమనుషులొచ్చారు. "నువ్వూ కాస్త నెమ్మదిగా చెప్పాల్సిందమ్మా" అన్నారు మా పైవాళ్లు. రాజీ కాగితం మీద సంతకం పెట్టాను. ఇప్పటికీ సలిపేది ఆ సంతకమే. ఆసుపత్రి సిబ్బందిపై దాడి బెయిలు హక్కుగా దొరకని నేరమనీ, 3 ఏళ్ల దాకా జైలనీ మన ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం ఉంది. నాకారోజు ఒక్కరూ ఆ మాట అనలేదు.

ఆ తర్వాత వెనక ఎవరైనా నిలబడితే కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టలేకపోయేదాన్ని, తేలిన నరం కూడా తప్పిపోయేది. ఇంట్లో గిన్నె జారిపడినా ఉలిక్కిపాటే. చెప్పుకోడానికి సిగ్గు గానీ, పేషెంట్లతో మాటలు తగ్గించేశాను. చెప్పబోతే దగ్గరికొస్తారని నా భయం, చెప్పట్లేదని వాళ్ల కోపం. రెండేళ్లు ఆలస్యంగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. నిద్ర కుదిరింది.

మిగతాది మా కొత్త హెడ్ సిస్టర్ పుణ్యం. ఓ రాత్రి అదే పరీక్ష పెట్టగానే కుర్చీ లాగి పేషెంటు అన్నను కూర్చోబెట్టి, "నాయనా, ఇరవై నిమిషాలు కాగానే నువ్వే చెప్పు" అంది. అతను కళ్లార్పకుండా గడియారం చూస్తూ, "ఇంకా ఎనిమిదుంది సిస్టర్" అంటూ నాకు లెక్క చెప్పాడు.

మీ చెల్లిని ఇంకా మర్చిపోలేదా అని అడక్కండి. కేసు పెట్టారా, రాజీ చేయించారా, ఆ రోజు పక్కన ఎవరు నిలబడ్డారు, అవి అడగండి.